బీకన్లు వదిలేసిన ఫిల్టరు

మాఘ బహుళ పంచమి, బుధవారం, సాయంత్రం నాలుగున్నర. యుగంధర్ లాప్‌టాప్ చంకన పెట్టుకుని మా వీధరుగు ఎక్కాడు. మా మామగారు పాలిటెక్నిక్‌లో పాఠాలు మానేసినా ఆయన శిష్యులు మాత్రం మానలేదు.

"నేను వైఫై చూసే ఆస్పత్రిలో నర్సుల ఫోన్లు మాట మధ్యలో తెగిపోతున్నాయి సార్. నిన్న డాక్టరు గారికి కబురందక ఒక పెద్దాయన ప్రాణం మీదికొచ్చింది. రేపటికి తేలకపోతే వైఫై పీకేస్తామన్నారు, నన్ను కూడా."

గోడలకి బిగించిన వైఫై పెట్టెల్లో రేడియోలుంటాయట. తప్పెక్కడుందో వెతకాలంటే, గాలిలో పోయే మాటల్ని అవి ముక్కలుగా పట్టి చూపిస్తాయట. ఏ ముక్కని పట్టాలో, దేన్ని వదలాలో చెప్పేది ఫిల్టరు. నాకర్థమైంది అంతే.

"ఫిల్టరు ఏం పెట్టావు?" అన్నారు మామగారు.

"నర్సుల ఫోన్ల మాటలే పట్టమన్నాను. బీకన్లు వదిలేయమన్నాను. ప్రతి పెట్టే అస్తమానూ తన పేరు చెప్పుకుంటూ 'నేనున్నాను, నేనున్నాను' అంటుంది కదా సార్, ఆ గోలెందుకని. పట్టినదంతా శుభ్రంగానే ఉంది. ఫోన్లు మాత్రం తెగుతున్నాయి. ఏమీ బోధపడటం లేదు."

మామగారు 'ఊ' అన్నారు. లేచి, దేవుడి గది గుమ్మంలో కూర్చున్న అత్తగారి దగ్గరికి వెళ్ళారు. ఆవిడ పొద్దస్తమానం రామనామం గొణుగుతూనే ఉంటారు. ఆయన వంగి, ఆవిడ చేతిలోని తులసిమాలని మెల్లగా పట్టుకున్నారు.

ఆవిడ జపం ఆపించిన వాళ్ళు మా ఇంట్లో లేరు.

అత్తగారు నోరు తెరిచి అలాగే ఉండిపోయారు.

లాప్‌టాప్‌లోకి చూస్తున్న యుగంధర్ చటుక్కున తలెత్తాడు. "ఏమైంది సార్?"

"ఏమీ కాలేదే."

"కాదు... ఏదో ఆగింది."

"ఇందాకటి నుంచీ వింటున్నావన్నమాట," అన్నారు మామగారు.

"అయిందా? మీ వైఫైకి నా జపమే దొరికిందా!" అంటూ అత్తగారు మాల లాక్కున్నారు.

యుగంధర్ ఆవిడ వైపు చూశాడు, సార్ వైపు చూశాడు. తర్వాత ఫిల్టరులో బీకన్లు వదిలేయమన్న ఒక్క వరుస చెరిపి, ఆస్పత్రి పెట్టెల్ని మళ్ళీ వినమన్నాడు.

"సార్," అన్నాడు కాసేపటికి, గొంతు తగ్గించి. "మా పేరే చెప్పుకునే పెట్టె ఇంకోటుంది. అది మాది కాదు. ఫోన్లు దాన్ని మాదే అనుకుని అటు పోయి తెగుతున్నాయి."

కాఫీ కలిపి తెచ్చేసరికి మనిషి లేడు.

మర్నాడు పొద్దున ఆరింటికి ఫోన్ చేశాడు. ఆ పెట్టె మందుల గది వెనక దొరికిందట. తీసేశాక ఒక్క ఫోనూ తెగలేదట.

టీవీ పెట్టబోతున్న మా ఆయన రిమోటు కింద పెట్టేశారు. కాఫీ గ్లాసులు పట్టుకుని, అందరం కాసేపు అత్తగారి రామనామం వింటూ కూర్చున్నాం.