మొదటి స్లైడులోని బావి

ఒక రాజ్యానికి కంప్యూటర్లు కొత్తగా వచ్చాయి. మంత్రి ప్రజెంటేషన్ నేర్చుకుని, తన వీధి మొదలుకొని వీధివీధినా బావి తవ్వించానంటూ రాజుకు రంగురంగుల స్లైడ్లు చూపించాడు. నిజానికి ఒక్కటీ తవ్వలేదు.

నీళ్లబండ్లు పంపే సింగమ్మ డేటాబేస్ నేర్చుకుంది.

"స్లైడ్లు చూసి బావులన్నీ వరసగా డేటాబేసులోకి ఎక్కించు. బావి ఉన్న వీధికి బండి ఆపెయ్!" అన్నాడు మంత్రి.

ఆపితే తన పేటవాళ్ల గొంతులెండుతాయని సింగమ్మకు తెలుసు. అందుకే ఆ రోజుకు మొదటి స్లైడు మాత్రం ఎక్కించింది.

మర్నాడు మంత్రి ఒంటినిండా నలుగుపిండితో పరుగెత్తుకొచ్చాడు. "మా ఇంటికి బండేదే?"

"మీ వీధిలో బావి ఉందిగా అయ్యా, తోడుకోండి! మీరు లేదంటే, రాజుగారికి చెప్పి ఆ బావిని డేటాబేసులోంచి కొట్టేస్తాను."

"వద్దు తల్లీ, వద్దు!"

ఆ పూటే వీధివీధినా గునపాలు మోగాయి. అబద్ధమాడిన నోటికైనా దాహమేస్తే నీళ్లే కావాలి.