పాకిన గీత

హేమావతికి ఆ రోజు ఒళ్లు మండిపోతోంది.

"ఇంక నా వల్ల కాదు గురువుగారూ. ఈ సాయంత్రం గ్రూపు మూసేస్తాను," అంటూ ఫోను చాప మీద పడేసింది.

చెంగల్రాయుడు శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే పెద్దాయన. యాభై ఏళ్లుగా కలంతో గుడ్డ మీద బొమ్మలు గీస్తున్నాడు. నేర్చుకోవడానికి ఇంటికి వచ్చేవాళ్లు ఇద్దరే మిగిలితే, పన్నెండేళ్లుగా ఆయన దగ్గరున్న హేమావతే పట్టుబట్టి ఆన్‌లైన్ క్లాసు పెట్టించింది. పాఠాలు వీడియోలు తీసింది. గ్రూపు పెట్టింది. దానికి అడ్మిన్ కూడా తనే. ఎక్కడెక్కడివాళ్లో నూట అరవై మంది చేరారు. విద్య నాలుగు చోట్ల నిలబడుతుందని ఆమె పొంగిపోయింది.

మూడు నెలలకే ఆ పొంగు చల్లారింది. పాఠం పెడితే చాలు, చేతులు జోడించిన బొమ్మలు వరసకడతాయి. "అర్థమైందా?" అంటే ఒకరు "అర్థమైంది గురువుగారూ" అంటారు, వెనకే అందరిదీ అదే మాట. సందేహాలుంటే అడగండి మహాప్రభో అని మొత్తుకుంటే మళ్లీ దండాలే. ఆదివారం ఎర్రరంగు మొదలుపెట్టాలి. నల్లగీత సరిగ్గా లేని గుడ్డ మీద ఎర్రరంగు వేస్తే మూడు నెలల పనీ మట్టిపాలే. విసిగి మళ్లీ ఎవరూ కలం పట్టరు. అందుకని నెమలి బొమ్మ గీసిన గుడ్డల ఫోటోలు పెట్టమంది. పెట్టారు.

"చూడండి వీళ్ల నిర్వాకం," అంటూ ఫోను మళ్లీ తీసి ఆయన చేతికిచ్చింది.

ఆయన కళ్లజోడు సవరించుకుని ఒక్కొక్క ఫోటో జరిపాడు. మొదటాయన నెమలి ముక్కును దగ్గరగా తీశాడు. తర్వాతావిడా ముక్కే తీసింది. ఆపైన అన్నీ ముక్కులే.

"నెమళ్లు ఏవి అమ్మా?"

"అదే కదా నా ఏడుపు! ఒకరు ముక్కు పెడితే అందరూ ముక్కే పెట్టినారు. గొర్రెల మంద."

"ఇన్నాళ్లలో ఒక్కరన్నా ఏమీ అడగలేదా?"

"ఒకావిడ అడిగింది, మొదట్లో. ఏలూరు కనకదుర్గ గారు."

"చదువు."

హేమావతి వెతికి పట్టుకుని చదివింది. 'కరక్కాయ పొడిలో రెండు ప్యాకెట్ల పాలు కలిపి గుడ్డ ముంచాను. గీత పాకుతోంది. ఎందుకండీ?' దాని కింద తన జవాబు: 'పాఠంలో అన్నీ చెప్పాం. సరిగ్గా వినండి.' ఆ జవాబుకి నలభై ముగ్గురు బొటనవేలు ఎత్తారు.

చదవడం అయ్యేసరికి ఆమె గొంతు కాస్త దిగింది. "ఆ రోజు ఊపిరాడని పనిలో ఉన్నాను గురువుగారూ. అయినా పాఠం వినాలి కదా."

"అంగడికి పోయి రెండు ప్యాకెట్లు పాలు తీసకరా అమ్మా," అన్నాడాయన.

ఆ ఇంట్లో గుడ్డను ముంచేది చిక్కటి గేదెపాలలో. ఆ పాలలో ఉన్న వెన్నే నల్లరంగును పాకనీయకుండా పట్టేది. వెన్న తీసిన ప్యాకెట్ పాలు వాడతారన్న ఆలోచనే అక్కడ ఎవరికీ రాలేదు. అందుకే ఏ వీడియోలోనూ ఎవరూ చెప్పలేదు. అంగడికి వెళ్లే దారిలో హేమావతికి అది తట్టింది. తట్టి, ఇంకా చిరాకేసింది.

ఆయన ప్యాకెట్ పాలలోనే గుడ్డ ముంచి, పిండి, ఎండలో వేశాడు. ఆరాక కూర్చుని నెమలిని గీశాడు. ముక్కు చిన్నది కాబట్టి బాగానే నిలిచింది. మెడ దగ్గర గీత పాకింది. పింఛం అయ్యేసరికి గుడ్డ నిండా నల్లమరకలు. ఆయన గీత పాకడం హేమావతి ఎన్నడూ ఎరగదు. చూడలేక తల తిప్పుకుంది.

"ఫోటో తీయి. నెమలి మొత్తం పడాల. చెంగల్రాయుడి గీత పాకిందని రాసి గ్రూపులో పెట్టు."

"వద్దు గురువుగారూ! నూట అరవై మందిలో మీ పరువేం కాను?"

"ముందు వాళ్ల గుడ్డలు బాగుపడనీ. పరువు సంగతి నిదానంగా చూద్దాం."

పెట్టింది. నిమిషం తిరక్కుండానే చేతులు జోడించిన బొమ్మలు మొదలయ్యాయి. 'అద్భుతం గురువుగారూ' అన్నాడొకాయన. 'మీ చేతిలో మహిమ ఉంది' అంది ఇంకొకావిడ.

హేమావతి తల కొట్టుకుంది. "రాసింది కూడా చదవరు వీళ్లు!"

ఆయన నవ్వి, కలం కడుక్కోవడానికి లేచాడు.

తిరిగొచ్చేసరికి కనకదుర్గ గారి ఫోటో వచ్చి ఉంది. ఈసారి నెమలి మొత్తం ఉంది. మెడ ఎక్కడో పింఛం ఎక్కడో తెలియడం లేదు. 'నాదీ ఇంతేనండీ. చెప్పడానికి సిగ్గేసింది' అని రాసింది.

ఆ తర్వాత పావుగంట ఫోను మోగుతూనే ఉంది. అన్నీ పాకిన నెమళ్లే. ఒకాయనదైతే నెమలో గేదో తెలియని మరక. ఏ పాలు పోయాలి, కరక్కాయ పొడి ఎంత, ఎండలో ఎంతసేపు ఉంచాలి అంటూ మూడు నెలల సందేహాలూ ఒక్కసారిగా వచ్చిపడ్డాయి.

హేమావతి ఓపిగ్గా అన్నిటికీ జవాబులు రాసింది. గేదెపాల సంగతి రాసింది. ఎర్రరంగు ఇప్పుడే వద్దు, కొత్త గుడ్డతో మళ్లీ మొదలుపెడదాం అని రాసింది. అంతా అయ్యాక ఫోను కింద పెట్టి నిట్టూర్చింది.

"చూశారా గురువుగారూ, ఇన్నాళ్లూ ఎట్లా దాచిపెట్టినారో! ఇప్పటికి అందరివీ బయటపడినాయి."

"అందరివీ రాలేదమ్మా. ఒకటి తక్కువుంది."

"ఎవరిది?"

"వచ్చిన కొత్తల్లో, గీత పాకిందని ఒక గుడ్డను రంగు కాగే పొయ్యిలో పెట్టి కాల్చినావే. అది."

హేమావతి మొహం పాలిపోయింది. ఆ గుడ్డ సంగతి తనకొక్కదానికే తెలుసనుకుంది పన్నెండేళ్లుగా. ఆయన తడిసిన కలాలు ఒక్కొక్కటీ తుడిచి గోడకు ఆనిస్తున్నాడు.

ఆమె ఫోను అందుకుంది. 'నాది కూడా' అని మొదలుపెట్టింది.