హాస్యమేళం తెర మీద ఎవరి బొమ్మ?

చూడండి పిల్లలూ, నవ్వించే ఆటగాళ్ళకు ఒక గుర్తుండాలి. అది కనబడగానే జనానికి నవ్వు రావాలి. అందుకే పూర్వం ఆటకు ముందు, బొమ్మ వేసిన తెరను డప్పులతో వీధుల్లో తిప్పేవారు.

బొమ్మలు గీసే ఓబులమ్మ తమ హాస్యమేళం తెర మీద తలపాగా చుట్టిన గాడిదను వేసింది. ఆ ఊరి దొర వీరమల్లప్ప అది చూసి మండిపడ్డాడు.

"గాడిదేమిటే? నా ముఖం వెయ్యి. లేకపోతే నా ఊళ్ళో మీ ఆట సాగదు!"

ఆట లేకపోతే మేళానికి ఆ పూట కూడు లేదు. ఓబులమ్మ కుంచె కడుగుతూ నెమ్మదిగా అంది.

"అలాగే దొరా. మరి తమరి ముఖం చూసి జనం నవ్వితే?"

"తోలు వలిపిస్తాను!"

"నవ్వకపోతే, ఇది నవ్వుల ఆటని ఎవరికి తెలుస్తుంది? ఎవరొస్తారు దొరా?"

దొర మీసం మెలేస్తూ ఆలోచించాడు. ఉన్నట్టుండి ముఖం వెలిగింది.

"అయితే పొరుగూరి దొర ముఖం వెయ్యి. పగలబడి నవ్వుతారు!"

"నిన్న వాళ్ళ ఊళ్ళో ఆయన కూడా ఇదే అన్నారు దొరా, తమరి ముఖం వెయ్యమని. నేనే ఒప్పుకోలేదు."

దొర మీసం మీంచి చెయ్యి తీసేశాడు.

"మంచిపని చేశావమ్మా. గాడిదనే ఉండనీ. ఆట మొదలెట్టండి."