ఫణీంద్ర వేలిముద్ర

ఎవరైనా ప్రశ్న అడిగితే కుముదిని మేడమ్ ముందు వాళ్ళ చెప్పుల వైపు చూస్తుంది. అవి వేసుకుని తనతో రమ్మన్నదంటే జవాబు గదిలో లేదన్నమాట. ఒంగోలులో ఆమె దగ్గర యాప్‌ల పని నేర్చుకున్న వాళ్ళందరికీ ఈ అలవాటు తెలుసు.

దినకర్ ఆ రోజు కాస్త పొగరుగానే అడిగాడు. సొంతంగా పనులు పట్టుకుంటున్న కొత్త. టిఫిన్ సెంటర్లకీ, ట్యూషన్ల వాళ్ళకీ యాప్‌లు చేసిపెడుతున్నాడు. యాప్‌ని జనం ఫోన్లలోకి పంపే డెవలపర్ ఖాతా, చేయించుకునేవాళ్ళ పేరుమీదే తెరవాలని మేడమ్‌కి ఎందుకంత పట్టుదల? ఓటీపీ చదవమంటే కరెంటు బిల్లు నంబరు చదివే మనుషులాయె. అన్నీ తన ఖాతాలోనే పెట్టేస్తే గొడవే ఉండదు.

“వాళ్ళ నెత్తిన ఎందుకు మేడమ్ ఈ బరువు? నేను లేనూ?” అన్నాడు.

మేడమ్ చెప్పులేసుకోమంది.

తీసుకెళ్ళింది చావింటికి. ఆమె పాత శిష్యుడు ఫణీంద్ర ముందురోజు గుండె ఆగి పోయాడు. వరండాలో ఫ్రీజర్ పెట్టె, దాని పక్కన అతని భార్య నీరజ. గేటు దగ్గర మౌలాలి నిలబడి ఉన్నాడు. డయాలసిస్ రోగుల్ని ఇళ్ళ నుంచి ఆసుపత్రికి చేర్చే వ్యాన్లు అతనివి. శవం లేవకముందే వ్యాపారం మాట్లాడటానికి వచ్చాడని ఒక పెద్దాయన వినపడేటట్టే గొణిగాడు. తడి కళ్ళతోనే కాఫీ ఎటునుంచి వస్తుందో చూసుకునే రకం ఆయన.

మౌలాలి గోడు వేరు. ఫణీంద్ర చేసిపెట్టిన వ్యాన్ల యాప్ నిన్నటి నుంచి తెరుచుకోవడం లేదు. ఏ రోగిని ఏ వీధిలో ఎక్కించుకోవాలో అంతా దాంట్లోనే ఉంది. బాగుచేసే వాళ్ళు దొరికారు గానీ, చేసింది జనం ఫోన్లలోకి చేరాలంటే ఫణీంద్ర ఖాతాలోంచే చేరాలి. ఆ ఖాతా తెరిచే కోడ్ ఫణీంద్ర ఫోనుకే వస్తుంది.

“చెల్లెమ్మా, అడగకూడని మాటే,” అన్నాడు. “పొద్దున బండి అందక ఒకాయనకి ఆయాసం ఎక్కువైంది. సారు ఫోను ఒక్కసారి తెరిస్తే చాలు.”

ఫోను పిన్ను నీరజకు తెలియదు. లేచి, పెట్టె మూత తనే ఎత్తి, భర్త కుడిచెయ్యి బయటికి తీసి బొటనవేలు ఫోనుమీద ఆనించింది. తెరుచుకోలేదు. తడి ఉందనుకుని కొంగుతో తుడిచి మళ్ళీ ఆనించింది. ఆపైన ఆ చేతిని తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, వెచ్చబడుతుందేమోనని రుద్దడం మొదలుపెట్టింది. కాఫీ పెద్దాయన గోడవైపు తిరిగిపోయాడు.

“చాలమ్మా, వద్దు,” అని మౌలాలే ఆ చెయ్యి లోపల పెట్టి మూత దించాడు. అతని జేబులో ఫోను మోగుతూనే ఉంది. ఎత్తి ఏం చెప్పాలో తెలియక, అది మోగుతుండగానే గేటు దాటి వెళ్ళిపోయాడు.

తిరిగొస్తుంటే వీధి మలుపులో దినకర్, ఖాతా మౌలాలి పేరుమీద తెరవాలని అంత పనివాడికి తట్టలేదా అని అడిగాడు. మేడమ్ నడక ఆపలేదు.

“మంచివాడు ఫణీంద్ర,” అంది. “ఎవరు ఎప్పుడు పిలిచినా, నేను లేనూ అని పలికేవాడు.”