సోములమ్మ పెట్టకొచ్చిన తెగులు

తెగులు సోకిన కోడిని ఊరిపెద్దకు అప్పగించాలనీ, ఆయన దాన్ని పాతిపెట్టిస్తాడనీ ఆ ఊరి కట్టుబాటు. పాతిపెట్టేది కూరకుండలోనేనని అందరికీ తెలుసు.

ఒకరోజు సోములమ్మ పెట్ట ముడుచుకు కూర్చుంది. ఆమె దాని మెడ కింద తడిమి, తిన్న మేత గట్టిపడిందని కనిపెట్టి, ఆముదం పట్టించి నిమురుతోంది. అంతలో ఊరిపెద్ద పాపయ్య వచ్చి గుమ్మంలోంచే, "తెగులే! ఇలా ఇయ్యి" అన్నాడు.

సోములమ్మ పెట్టను ఒళ్లోంచి దించలేదు. "అలాగే దొరా. పొద్దున మీ పందెం పుంజు గోడ దూకొచ్చి దీంతోపాటే ఈ మూకుట్లో నూకలు తింది. దాన్నీ తెప్పించండి, ఊరందరి ముందూ రెంటినీ ఒకే గుంటలో పాతేద్దాం."

పాపయ్య గబగబా వచ్చి పెట్ట మెడ తడిమాడు. "తెగులేమిటే, నీ మొహం! మేత గట్టిపడింది. ఆముదం పట్టి నిమురు!"

"పట్టాను దొరా. చెయ్యి ఎలాగూ వేశారుగా, నిమురుతూ ఉండండి. నేను వేన్నీళ్లు తెస్తాను."