నక్క గురువుకు గానుగ పాఠం

గానుగ కొండలయ్య ఇంటికి కరెంటు మిషను వచ్చాక భీమన్న అనే ఎద్దుకు పని పోయింది. పన్నెండేళ్లు గంతలు కట్టుకుని గానుగ చుట్టూ తిరిగిన ఎద్దు. ఇప్పుడు కూర్చున్న చోటికే తెలగపిండి, కుడితి వస్తున్నాయి. మీకూ నాకూ అయితే అదే స్వర్గం. భీమన్నకు మాత్రం ముద్ద దిగడం లేదు. దిగులుతో లేవడమే మానేసింది.

కబురు తెలిసి నక్క విభూది పూసుకుని వచ్చింది.

"నాయనా, పన్నెండేళ్లు నడిచావే, ఎక్కడికి చేరావు?"

ఎద్దు ఆలోచించింది. "బయల్దేరిన చోటికే, స్వామీ."

"చూశావా! బతుక్కి అర్థమే లేదు. తిండి మానెయ్. ఎవరితోనూ మాట్లాడకు."

పక్కనే తనూ ఉపవాసం కూర్చుంది. అంత మాంసం రాబోతుంటే ఎలకలు తిని ఆకలి చెడగొట్టుకోవడం దేనికని!

మూడో రోజు నక్క నోరూరడం అదే కొట్టంలో ఉండే ముసలిమేక చూసింది. ఎద్దు పుండు కాకికి నొప్పా అనుకుంది.

"గురువుగారూ, మా భీమన్న బావ తన గానుగ విద్య ఎవరికైనా నేర్పితే గానీ ప్రాణం పోదండీ."

"అయితే నాకే నేర్పు! త్వరగా!" అంటూ నక్క పెరట్లోని పాత గానుగ కాడిలో తనే తల దూర్చింది. మేక గంతలు తొడిగి, మెళ్లో భీమన్న గంట కట్టింది.

"నడవండి," అంది ఎద్దు, పడుకునే. "అదేం నడక? పెళ్లికి పోతున్నారా? తోక దించండి! అడుగడుక్కీ మెళ్లో గంట మోగాలి!"

ఎంత చెప్పినా నక్కకు నడక రాకపోయేసరికి భీమన్న లేచి నిలబడింది. అరిచి అరిచి గొంతెండి కుడితి తాగింది. ఆకలి రేగి తెలగపిండి మీద పడింది.

నలభయ్యో చుట్టుకు నక్కకు కళ్లు తిరిగాయి. "ఒరే, ఇంకెప్పుడు చస్తావురా? నీ మాంసం కోసం మూడ్రోజులుగా పస్తున్నాను!"

భీమన్న నెమరు ఆపింది. "ఎక్కడికి చేరారు, గురువుగారూ?"

"బయల్దేరిన చోటికే!" నక్క ఏడ్చింది.

"నేనూ అంతే. కానీ నా చుట్లకు ఊరందరి ఇళ్లలో పోపులు వేగాయి. మీ చుట్లకు నాకు ఆకలేసింది."

గంట విని కొండలయ్య కర్రతో వచ్చాడు. నక్క కాడి వదిలించుకుంది గానీ గంతలు ఊడలేదు. పెరట్లోనే మరో మూడు చుట్లు తిరిగి, చుట్టుకో దెబ్బ తిని పారిపోయింది.

లేచి నిలబడ్డ ఎద్దును చూసి కొండలయ్య మురిసిపోయాడు. మర్నాడే కొత్త గిత్తకు దుక్కి నేర్పమని జత కట్టాడు. "తోక దించరా!" అని భీమన్న పొద్దున్నే మొదలెడుతుంది.

నీతి: దిగులుకు మందు ఉపదేశం కాదు, మనతో పనిపడేవాళ్లు ఒక్కరుంటే చాలు.