ఆలస్యం ఎవరిది?

అడిగిన ప్రశ్నకు మస్తాన్ మాస్టారు నేరుగా జవాబు చెప్పగా విన్నవాళ్ళు తణుకులో ఎవరూ లేరు. ఎవరేమడిగినా చేతిలో పని పక్కన పెట్టి, "పదండి, చూద్దాం" అనేవారు. ఎక్కడికి, ఏం చూడటానికి అన్నది ఆయన వెంట నడిచాకే తెలిసేది. ఆయన ముప్పయ్యేళ్ళు పెళ్ళిబ్యాండులో సైడ్ డ్రమ్ము వాయించిన మనిషి. మోకాళ్ళు మొరాయించి ఊరేగింపుల వెంట నడవలేని రోజు వచ్చాక, బస్టాండు దగ్గర ఒక మేడ మీద వీడియో గేముల హాలు పెట్టుకున్నారు. అందులోనూ తాళం గేములంటే ఆయనకు ప్రాణం. తెర మీద నాలుగు దారుల్లో రంగు పలకలు పైనుంచి జారుతూ వస్తాయి. పలక అడుగు గీతను తాకే క్షణానికే పాటలో దెబ్బ పడుతుంది. సరిగ్గా అప్పుడే ఆ దారి మీట నొక్కాలి. కుదిరితే పలక పచ్చగా వెలుగుతుంది. వెనకబడితే "లేట్" అని ఎర్రటి అక్షరాలు పడతాయి. కొత్తగా వచ్చినవాళ్ళు వేగమైన పాటల కోసం తొందరపడుతుంటే మాస్టారు నెమ్మదైన పాటే పెట్టి, "చెవితో ఆడండి, కన్ను దానంతటదే వస్తుంది" అనేవారు.

ఆయన దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళలో సలోమి ఒకరు. ఆమె ఒక ల్యాబులో పదకొండేళ్ళుగా రక్తం తీసే టెక్నీషియను. చంటిపిల్లల చేతిలో కంటికి ఆనని నరాన్ని కూడా వేలి కొసతో పట్టుకునేది. స్కూటరు మీంచి పడి కుడి ముంజేయి విరిగింది. ఎముకైతే అతికింది గాని వేళ్ళు చెప్పిన మాట వినడం మానేశాయి. ఫిజియోథెరపీ చేసే ఆవిడ, వేళ్ళకు పని చెప్పే ఆట ఏదైనా ఆడమంటే వాకబు చేసుకుంటూ ఈ హాలుకు వచ్చింది. నలుగురి ముందు ఆడాలంటే మాత్రం ఆమెకు సిగ్గు. ఆదివారాలు వచ్చి, మాస్టారు ఆడుతుంటే చూసి, ఆయన చెప్పింది మనసులో పెట్టుకుని, ఇంటికి పోయి, అలాంటి గేమూ మీటలే తన టీవీకి తగిలించుకుని సాధన చేసేది.

అలా రెండు నెలలు, రోజుకో గంట తప్పకుండా ఆడింది. ఏ పాట పెట్టినా తెర నిండా లేట్లే. ఒక్కసారైనా తొందరపడి ముందు నొక్కిందా అంటే, అదీ లేదు. పోనుపోను ఆ ఎర్ర అక్షరాలు ఆమెకు పెద్ద డాక్టరు రాసిచ్చిన రిపోర్టులా కనబడసాగాయి. తల చెప్పిన మాట వేలికి చేరడంలోనే ఆలస్యం జరుగుతోందని, అది ఇక బాగుపడదని తీర్మానించుకుంది. అలాంటి చేత్తో సాటి మనిషి నరంలోకి సూది దించడమా? తనను రక్తం తీసే పని నుంచి తప్పించి, రిపోర్టులు అందించే కౌంటరులో వేయమని ల్యాబు యజమానికి ఉత్తరం రాసి సంచిలో పెట్టుకుంది. సోమవారం పొద్దున్నే ఇవ్వాలనుకుంది.

ఆదివారం మధ్యాహ్నం హాలుకు వచ్చింది గాని కూర్చోలేదు.

"మాస్టారూ, ఉన్నదున్నట్టు చెప్పండి. నొచ్చుకుంటానని చూడకండి. ఈ చెయ్యి ఇంక తిరిగి రాదా?"

మీటలు తుడుస్తున్న గుడ్డను మాస్టారు మడిచి పక్కన పెట్టారు. "పదండి, చూద్దాం. మీ ఇంటికే" అన్నారు.

ఆటోలో ఆయన అడిగింది ఒకటే ప్రశ్న. "మీ వీధిలో దెబ్బ తప్పనివాళ్ళు ఎవరమ్మా?"

సంగీతం తెలిసినవాళ్ళెవరూ లేరని చెప్పబోయి సలోమి ఆగిపోయింది. ఎదురింటి కొలిమి గుర్తొచ్చింది. కనకాచారి ఎర్రగా కాగిన ఇనుము మీద చిన్న సుత్తితో చోటు చూపిస్తాడు. ఆయన భార్య భ్రమరమ్మ సమ్మెట ఎత్తి సరిగ్గా అక్కడే వేస్తుంది. ఆయన సుత్తి తప్పుకున్న ఆ కాస్త సందులోనే ఆమె సమ్మెట దిగాలి. ఏమాత్రం ముందుపడినా ఆయన వేళ్ళుండవు. ఇరవయ్యేళ్ళ కాపురంలో ఆయన వేళ్ళు పదికి పదీ ఉన్నాయి. ఈ మాట చెప్పగానే మాస్టారి మొహం విప్పారింది.

"ఆవిడనే పిలవండి."

భ్రమరమ్మ చేతులు కడుక్కుని, చెంగుతో తుడుచుకుంటూ వచ్చింది. ఆడాల్సింది తనేనని తెలిసి గడప దగ్గరే నిలబడిపోయింది. "నాకీ ఆటలేం తెలుసండీ బాబూ? నా చేతులు పడితే ఆ మీటలు ఊడొస్తాయి."

"ఊడితే మళ్ళీ పెట్టుకుందాం, కూర్చోండమ్మా" అని మాస్టారు ఆమెకు రెండే మీటలు చూపించి, అన్నిటికన్నా నెమ్మదైన పాట పెట్టారు.

నాలుగు దెబ్బలు పడేసరికి ఆమె తల ఊగడం మొదలైంది. వేలు కూడా ఆ ఊపుతోనే దిగుతోంది. తెర మాత్రం లేట్ అంది. మళ్ళీ లేట్. పదికి పదీ లేట్. చూస్తున్న సలోమికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పనిలో ఉన్న మనిషిని పిలిపించి అవమానం చేశామనిపించింది. ఇప్పుడు భ్రమరమ్మ "నాకు రాదమ్మా" అని లేచిపోతుందని ఎదురుచూసింది. ఎందుకంటే రెండు నెలలుగా తను అంటున్న మాట అదే.

భ్రమరమ్మ లేవలేదు. పాట మధ్యలో చెయ్యి ఆపి, టీవీ వంక కోపంగా చూసింది.

"ఈ పెట్టె అబద్ధమాడుతుందండీ."

"ఎలా చెప్పగలరమ్మా?" అన్నారు మాస్టారు.

"నేను దెబ్బ మీదే కదా వేస్తన్నా! ఆ పలక ముందు గీతకి తగులుద్ది, చప్పుడు తర్వాత వినబడుద్ది. నేను సమ్మెట వేస్తుంటే మీరు ఆ వీధి చివర నిలబడి చూడండి, ఇలాగే ఉంటది. దెబ్బ ముందు కనబడుద్ది, ఆనక వినబడుద్ది. ఇదేమన్నా దూరాన్నించి మోగుతుందా ఏంటి?"

ఆ తేడా సలోమి కూడా చూసింది. ఒకసారి కాదు, ఎన్నోసార్లు. చేతితో పాటు చెవి కూడా చెడిపోతోందేమోనని హడలిపోయి ఎవరికీ చెప్పుకోలేదు, అంతే.

మాస్టారు లేచి టీవీ వెనకా ముందూ వెతికారు. అలమర పై అరలో చిన్న బ్లూటూత్ స్పీకరు కనబడింది. మంచాన పడి ఉన్న రోజుల్లో పాటలు వినడానికి సలోమి కొనుక్కుని టీవీకి కలిపినది. టీవీలో పుట్టిన చప్పుడు దాని దాకా వెళ్ళి అక్కడ మోగేసరికి ఒక రెప్పపాటు పడుతోంది. ఊరికే పాటలు వినేవాళ్ళకు దానివల్ల వచ్చే నష్టం ఏమీ లేదు. చెవిని నమ్ముకుని ఆడేవాళ్ళకు మాత్రం ప్రతి దెబ్బా లేటే.

మాస్టారి మొహం చిన్నబోయింది. "చెవితో ఆడమన్నది నేను. ఆ చెవికి ఏం వినబడుతోందో అడగనిదీ నేనే. తప్పు నాదమ్మా." స్పీకరు ఆపి, టీవీ సొంత గొంతు పెంచారు. "ఇప్పుడు మీరు ఆడండి."

ఇద్దరు చూస్తుండగా సలోమి మొదటిసారి ఆడింది. మొదటి పలక పచ్చగా వెలిగింది. రెండోదీ వెలిగింది. మూడోదానికి, ముందే నొక్కావని తెర చెప్పింది. ఆ మాట ఆమె అంతవరకు చూడనే లేదు. అది తప్పని కూడా మరిచి నవ్వేసింది. చిటికెన వేలి దారిలో వచ్చినవి చాలావరకు జారిపోయాయి, చూపుడు వేలివి నిలిచాయి. పాట ముగిసేసరికి నూటికి అరవై రెండు. ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. రెండు నెలల తర్వాత నిండుగా ఊపిరి పీల్చింది.

"బాగా వచ్చింది కదమ్మా, ఏడుపెందుకూ?" అంది భ్రమరమ్మ.

"ఏడవట్లేదక్కా" అంటూనే సలోమి కళ్ళు ఒత్తుకుంది.

ఉత్తరం సోమవారం ఎవరికీ అందలేదు. ఆమె మళ్ళీ సూది పట్టడానికి వానాకాలం దాకా పట్టింది. మొదటి చెయ్యి చాపింది ల్యాబులో ఆమె పక్కన పనిచేసే అమ్మాయే. ఇవన్నీ తర్వాతి సంగతులు.

ఆ సాయంత్రం భ్రమరమ్మ కొలిమికి వెళ్ళిపోయాక, మాస్టారు గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నారు. సలోమి పక్కనే వచ్చి నిలబడింది. అంత జరిగినా ఆమెకు ఆయన నోట వినాలని ఉంది.

"అయితే మాస్టారూ, నా చేతిలో లోపం లేనట్టేనా?"

"ముప్పై ఎనిమిది పోయాయి కదమ్మా" అన్నారు మాస్టారు. "అవి మాత్రం మీవే. ఇంక నేర్చుకోవచ్చు."